తెర అంచు

కృష్ణా టేసన్ల రైలు దిగి
రెండెడ్ల బండెక్కి వచ్చేదంట బొమ్మ.
బొంబాయి పెట్టె, ఇనుపది,
తాళంచెవి రుస్తుం సేటు మెడల.
మక్తల్ అంగడి ఇంక మూడు దినాలుండంగనే
మా తాత తాయప్ప డప్పు కాగబెట్టి
ఊరూరు తిరుగుతుండె:
"ఆడమనిషి ఏడుస్తది, గుర్రం దుంకుతది,
ఎవ్వరు మాట్లాడరు, ఎవ్వరు మాట్లాడరహో!"

నవ్విండ్రంట జనం.
దొర గడి ముంగట మేం చేసేది అదే గద,
దానికి అణా ఎందుకని.

పోయిండ్రు మళ్ల. అందరు పోయిండ్రు.

జొన్న కోసిన చేన్ల రెండు వాసాలు,
నడుమ కుట్లేసిన తెల్లబట్ట.
నీరడి ఎంకప్ప రీలు రీలుకు
చెంబుతోటి బట్ట తడుపుతుండె, వెట్టికే.
తడిస్తేనే వెలుగు అవతలికి దిగుతది.
ఇవతల బెంచీలు, జంపఖానాలు, పటేలు, పట్వారి.
అవతల ఉత్త మన్ను, మా వాడ.
అర్ధణా, లేకుంటే సోలెడు జొన్నలు.

ముంగటోళ్లకు లాడ్లే సాబ్ కట్టె పట్టుకొని
బొమ్మ మీది రాతలు చదివి చెప్తుండె,
ఉర్దూల ఒకసారి, కన్నడంల ఒకసారి, మన మాటల ఒకసారి,
గొంతు పోయేదాక.
ఆ గొంతు తడిబట్ట దాటి ఎనకకు రాకపోతుండె.
ఎనక రాతలు ఉల్టా. అయితేంది,
బడి మెట్టెక్కనోళ్లకు
అచ్చరం ఎటు తిరిగి కూసుంటే ఏంది?
మా అవ్వ ఆశమ్మ కథ తనే కట్టింది.
ముంగట గుల్నార్‌బాయి పతి కాళ్ల మీద పడి
పానం ఇడుస్తుంటే
ఎనక అదే బాయి
చాకిరి చేసి అలిసి నిద్రపోయింది.
"లేపకుండ్రి" అంటుండె అవ్వ పక్కోళ్లతోటి,
"మనల ఎట్ల పండనియ్యరు, ఆమెనన్న పండనియ్యుండ్రి."
హ్యాండిలు తిప్పే పోరని చెయ్యి గుంజితే
ఆ నిద్ర ఇంక లంబ అయ్యేది.

గుల్నార్‌బాయి మీద గూడ పంచాయితి.
మన పేరు పెట్టుకున్న తెల్లపిల్ల అని ఒకరు,
కాదు, గడ్డం గీక్కున్న మొగోడని ఒకరు,
ఇజ్జత్ ఉన్న ఇంటి ఆడది మొకానికి రంగేస్తదా అని పట్వారి.
అవ్వ ఒక్కటే అన్నదంట:
చేతులు సూడుండ్రి. నీళ్లు తోడిన చేతులు.

మరి తాత?
డప్పోడు ముంగట కూసోవద్దు,
ఎనక కూసుంటే చప్పుడు అందదు.
వాసం పక్కన, సరిగ్గ తెర అంచుకు కూసోబెట్టిండ్రు.
ఆడికెళ్లి చూస్తే బొమ్మ లేదు.
తెల్లటి గీత ఒకటి, దారమంత,
గాలికి వణుకుతది. అంతే.
పదకొండేండ్లు డప్పు కొట్టినోడు
ఒక్క గుర్రాన్ని చూడలే.
మొకాలు చూసి కొట్టిండు.
పటేలు నోరు తెరిస్తే
గుర్రం వస్తుందని దరువు పెంచిండు,
మా వాడ ఆడోళ్ల కండ్లల్ల తడి మెరిస్తే
పుల్ల పక్కకు పెట్టి
వేళ్లతోటి తట్టిండు.
"ఇవతలి మొకాలు, అవతలి మొకాలు
ఆ వెలుగుల ఒక్క తీరుగనే ఉండె బిడ్డా"
అని చెప్పి, ఎందుకో జల్ది జల్ది
బీడి ముట్టిస్తుండె.

రాయచూర్ల మాట్లాడే బొమ్మ వచ్చిన ఏడు
లాడ్లే సాబ్ అత్తరు సీసాలు అమ్ముకున్నడు.
తాతను ఎవరో తోలుకపోయి కుర్సీల కూసోబెడితే
తెరకు వీపు పెట్టి
జనం దిక్కు తిరిగి కూసున్నడంట.
గేటోడు తిట్టి బయటికి పంపిండు.

అవ్వ మాత్రం ముంగటికెళ్లి, సక్కగ చూసింది.
బయటికొచ్చి మూతి తిప్పింది:
కత్తి కుడిచేత్తోటి దూస్తున్నడు, ఈడేం మొనగాడు?
ఆమె ఎరిగిన మొనగాండ్లందరు
ఎడమచేతి వాటమే.

మా వాడ పిల్లలు ఇప్పటికి
తంగేడు పుల్ల ఇరిచి కత్తి చేసుకుంటే
ఎడమ చేతికే తీసుకుంటరు.
ఎందుకురా అంటే
తెల్వదు వాళ్లకు.